ముత్యాల చేపల వేరు కాపురం

మా ఇంట్లో వేరు కాపురం మాట మొదట ఎత్తింది నేను కాదు, చేపలు. ఈ ముక్క చెబితే మా అత్తగారు నమ్మరు, బావగారు అసలు వినరు, మా తోడికోడలు విని నవ్వుతుంది. నవ్వనివ్వండి. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికి ఎవతో. నేను ఆ రకం కాదు. నాకు ఏడుపు రాదు, ఒళ్ళు మండుతుంది.

ముందు ఇల్లు చెప్పాలి. మూడో అంతస్తులో ఫ్లాటు. రెండు గదులు, వంటిల్లు, ఒక హాలు, హాలు చివర బాల్కనీ. ఒక గది బావగారిది, అక్కది. తోడికోడలిని అక్కా అనే పిలుస్తాను, పిలుపుకేం తక్కువ లేదు. రెండో గది అత్తగారిది, బావగారి అమ్మాయిది. మిగిలిన మొగుడూ పెళ్ళాం, అంటే మా ఆయనా నేనూ, హాల్లో. అందరూ టీవీ చూసి లేచాక పరుపు పరుస్తాం, తెల్లవారి ఎవరూ లేవకముందే చుట్టేస్తాం. మంచినీళ్ళకి వంటింట్లోకి పోయేవాళ్ళకీ, ఆరేసిన బట్టలకి బాల్కనీలోకి పోయేవాళ్ళకీ మా పరుపు పక్కనుంచే దారి. పెళ్ళయిన కొత్తలో "అమ్మాయి కాస్త పెద్దదవనీ, గది సంగతి చూద్దాం" అన్నారు. పెద్దదయ్యాక "పరీక్షలు అవనీ" అన్నారు. ఆ పిల్లకి పరీక్షలు అయిపోవడమంటూ ఉండదు. ఇన్నేళ్ళలో నేను నా మొగుడితో గొంతెత్తి పోట్లాడింది లేదు. పోట్లాడుకోవడానికైనా ఒక చోటు ఉండాలి కదా!

ఇందులో పెద్ద వేళాకోళం ఏమిటంటే, నా పని పరదాలు కుట్టడం. ఊళ్ళోవాళ్ళ కిటికీలకీ, తలుపులకీ, ఆసుపత్రి మంచాల చుట్టూ, బట్టల కొట్లో అద్దాల గదులకీ, ఎక్కడ మనిషికి చాటు కావాలంటే అక్కడ నా కుట్టు ఉంటుంది. నాకు మాత్రం చీర మార్చుకోవాలంటే స్నానాల గదే దిక్కు. ఒకసారి ధైర్యం చేసి బావగారిని అడిగాను, హాలుకి అడ్డంగా ఒక తెర కట్టుకుంటామని.

"తెరా?" అన్నారాయన. "వచ్చినవాళ్ళు ఏమనుకుంటారమ్మాయ్? అన్నదమ్ములు విడిపోయారనుకోరూ?"

బావగారు కారు డ్రైవింగు నేర్పిస్తారు. ఆ కారులో నేర్చుకునేవాడి కాళ్ళ దగ్గర ఒక బ్రేకు, ఈయన కాళ్ళ దగ్గర ఒక బ్రేకు ఉంటాయి. ఇంటికొచ్చినా ఆయన కాలు ఆ రెండో బ్రేకు మీదే ఉంటుంది. ఎవరు ఏ మాట మొదలెట్టినా తొక్కేస్తారు. మా ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. నోట్లో నాలుక లేని మనిషి. అన్నగారు కాదన్నాక ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఇక చేపలు. నేను పరదాల కొలతలకి వెళ్ళే ఇళ్ళలో ఒక లెక్కల టీచరమ్మ ఇల్లు ఉండేది. ఆవిడ దగ్గర ఒక జత గౌరామి చేపలు ఉండేవి. ముత్యాల గౌరామి అంటారట. వేలెడు పొడవు, ఒళ్ళంతా తెల్లటి చుక్కలు, గొంతు కింద రెండు సన్నటి తీగలు. ఆ తీగలతో ఎదురొచ్చిన ప్రతిదాన్నీ తడిమి చూసుకుంటూ తిరుగుతాయి. నీళ్ళ మీద పచ్చటి మొక్కలు తేలుతుండేవి. ఆ నీడలో ఆ రెండూ ఎంత నింపాదిగా ఉండేవో! కొలత టేపు చేత్తో పట్టుకుని నేను పని మరిచిపోయి నిలబడేదాన్ని. ఆవిడకి బదిలీ అయింది. చేపల్ని సంచిలో పోసి నా చేతికిచ్చింది.

"వీటికి తల మీద నీడ ఉండాలి. తేలే మొక్కలు వెయ్యి," అంది. "నీడ లేకపోయినా చచ్చిపోవులే. కానీ అదో బతుకు కాదు."

ఆ మాట నాకు తగలాల్సిన చోటే తగిలింది.

మా ఇంట్లో అప్పటికే ఒక అక్వేరియం ఉంది. బావగారు సరదాపడి కొన్నది. హాల్లో టీవీ పక్కన పెద్ద గాజు తొట్టి, అందులో నాలుగు గోల్డ్‌ఫిష్‌లు. బలిసినవి, తిండికి తప్ప దేనికీ తల తిప్పనివి. పైన కళ్ళు చెదిరే లైటు, నీళ్ళ మీద ఒక్క ఆకు లేదు. నేను చేపల సంచి పట్టుకుని వచ్చి, వీటికి చిన్న తొట్టి ఒకటి వేరేగా పెడతానన్నాను. అంతే, ఇంట్లో పిడుగు పడ్డట్టయింది.

"ఒక ఇంట్లో రెండు తొట్లా? ఎందుకు? ఉన్నదాంట్లో వెయ్యి," అన్నారు బావగారు.

"అవీ ఇవీ పొసగవు బావగారూ. వీటి పద్ధతి వేరు."

"చేపలకి పద్ధతులేమిటి? నాలుగు రోజులు కలిసి తిరిగితే అవే సర్దుకుంటాయి."

అత్తగారు అందుకున్నారు. "మా అత్తగారి కాలం నుంచీ మన వాళ్ళలో ఒకటే పొయ్యి."

"పొయ్యి కాదు అత్తయ్యా, తొట్టి."

"ఏదైతేనేం! ఇవాళ తొట్టి అంటావు, రేపు పొయ్యి అంటావు."

అక్క నవ్వింది. నేను మా ఆయన వంక చూశాను. ఆయన ఫ్యాను వంక చూశాడు. గౌరామి జత గోల్డ్‌ఫిష్‌ల తొట్టిలో పడింది.

ఆ రోజు నుంచి వాటి మొహం ఎవరూ చూడలేదు. ఫిల్టరు వెనక సందులో, గాజుకీ పైపుకీ మధ్య ఒకదాని మీద ఒకటి నక్కి ఉండేవి. ఊపిరికి పైకి రావాలి. ఆ జాతి చేపలు నీళ్ళలో గాలితో సరిపెట్టుకోలేవు, నీళ్ళ పైకొచ్చి మనలాగే గాలి గుటక వేసి పోతాయి. లైటు కింద, ఆ లావుపాటి వాటి మధ్యలోంచి పైకి వచ్చి, గుటక వేసి, దొంగల్లా సందులోకి పారిపోయేవి. పొద్దున్నే కళ్ళు తెరవగానే మొదట కనిపించేది అదే మరి. తొట్టి మా పరుపు తలాపునే ఉంటుంది.

చేపల కొట్టుకి వెళ్ళాను. ఆ కొట్టు నడిపే ఆవిడ నాకంటే చిన్నది, నోరు మాత్రం నాకంటే పెద్దది. తేలే మొక్కలు కావాలంటే ఒక చిన్న డబ్బా నిండా ఆవగింజలంత ఆకులు తీసి చూపించింది. డక్‌వీడ్ అంది. పరదా గుడ్డ ఎంచడానికి మాకొక పద్ధతి ఉంది. గుడ్డని కిటికీకి ఎదురుగా పట్టుకుని వెనక చెయ్యి పెడతాం. వేళ్ళు లెక్కపెట్టగలిగితే హాలుకి, లీలగా కనిపిస్తే పడకగదికి, అసలు కనిపించకపోతే పగలు నిద్రపోయే నైట్‌డ్యూటీ వాళ్ళకి. డబ్బాలో చెయ్యి ముంచి చూశాను. వేళ్ళు అసలు కనిపించలేదు. ఇంతకంటే మంచి నీడ ఎక్కడ దొరుకుతుంది అనుకుని తెచ్చి పరిచేశాను.

మర్నాటికి ఒక్క ఆకు మిగిలితే ఒట్టు! గోల్డ్‌ఫిష్‌లు విందు చేసుకున్నాయి. నాలుగూ పొట్టలు వేలాడేసుకుని తిరుగుతున్నాయి.

"చూశావా, ఎంత ఆరోగ్యంగా ఉన్నాయో! అప్పుడప్పుడు తెస్తూ ఉండమ్మాయ్," అన్నారు బావగారు.

మళ్ళీ కొట్టుకి వెళ్ళాను. "గోల్డ్‌ఫిష్ ఉన్నచోట డక్‌వీడ్ వేశావా అక్కా? పిల్లి ముందు పాలు పెట్టినట్టే," అని నవ్వి, ఈసారి అంతరతామర ఇచ్చింది. చిన్న చిన్న పచ్చ పువ్వుల్లా ముద్దుగా ఉంటాయి, కింద జడల్లా వేళ్ళు వేలాడుతాయి. ఆ వేళ్ళ మధ్య నా చేపలు దాక్కోవచ్చని మురిసిపోయాను. ఫిల్టరు నీళ్ళు జల్లున పడుతుంటే అవి తొట్టి అంతా గిరగిరా తిరిగి, తడిసిన ఆకులు కుళ్ళిపోయాయి. వేళ్ళేమో గోల్డ్‌ఫిష్‌లు పీకి పారేశాయి. రెండు రోజులు నీళ్ళు మురుగు వాసన కొట్టాయి. "ఆ చెత్తంతా తీసెయ్యి," అని బ్రేకు తొక్కారు బావగారు. అక్క ముక్కు మూసుకుని మరీ నవ్వింది.

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. నేను ఉలిపికట్టెనే, ఒప్పుకుంటాను. తొట్టి ఎదురుగా కూర్చుని ఆలోచించాను. నాకు రెండో తొట్టి వద్దన్నారు, సరే. చాటు వద్దని ఎవరూ అనలేదుగా! మిషను దగ్గర మిగిలిన దోమతెర గుడ్డ తీసుకున్నాను. సబ్బు పెట్టకుండా మూడు నీళ్ళలో జాడించాను. తొట్టి వెడల్పుకి కత్తిరించి, పైన ప్లాస్టిక్ పుల్ల దూర్చి, కింద అంచు మడతలో తొట్టి అడుగున ఉండే నున్నటి గులకరాళ్ళు పెట్టి కుట్టేశాను. బరువుంటే గుడ్డ నిలువుగా నిలబడుతుంది, పెద్ద పరదాలకి మేం చేసేది అదే. అందరూ బయటికి పోయిన సమయం చూసి తొట్టిలో దించాను. మూడు వంతులు గోల్డ్‌ఫిష్‌లకి, ఫిల్టరు లేని మూల ఒక వంతు నా జతకి. తెర ఇవతల నీళ్ళు కదలకుండా నిలిచాయి.

మొక్కల కోసం మూడోసారి వెళితే కొట్టామె నన్ను ఎగాదిగా చూసి, "నిలకడ నీళ్ళయితే ఇది పట్టుకుపో," అని సాల్వీనియా ఇచ్చింది. బొటనవేలి గోరంత ఆకులు, పైన నూగు, చుక్క నీరు పడినా జారిపోతుంది. వారం తిరక్కుండా అది నా మూలంతా కమ్మేసింది. కింద చెయ్యి పెడితే వేళ్ళు కనిపించలేదు. నేను పొంగిపోయాను. చేపలు సందులోంచి బయటికొచ్చాయి, నిజమే, కానీ ఆకుల అడుగున ఒకే చోట ముక్కుతో పొడుస్తున్నాయి. ఎందుకో నాకు అంతుపట్టలేదు. నేను గుడ్డ గురించి ఆలోచించే మనిషిని. దళసరి ఎంతైతే అంత మేలని నా బుర్రలో ఉండిపోయింది.

పట్టింది మా ఆయన. పరుపు మీద పడుకుని చూస్తూ, "లిఫ్టు పెట్టెకి పైన ఒక తలుపు ఉంటుంది తెలుసా?" అన్నాడు మెల్లగా. గట్టిగా అంటే పక్క గదిలోకి వినిపిస్తుంది. "మధ్యలో ఆగిపోతే దాంట్లోంచే మనిషిని తీస్తాం. వీటికి అది లేదు. పైకొచ్చి గాలి తాగడానికి దారేదీ?"

తల కొట్టుకున్నాను. నీడ ఇచ్చి ఊపిరి తీశాను! మర్నాడు గాలి పైపు ముక్కని గుండ్రంగా వంచి, రెండు కొసలూ కలిపి, నీళ్ళ మీద తేలేలా వేశాను. ఆ చక్రం లోపలికి ఒక్క ఆకు రాదు. చుట్టూ నీడ, మధ్యలో అరచేతి వెడల్పు ఖాళీ. రెండు చేపలూ వచ్చి తీగలతో ఆ చక్రాన్ని తడిమి చూసి, పైకి లేచి గాలి మింగాయి, నింపాదిగా.

ఆ తర్వాత సంగతి వినండి. మగదాని గొంతు కింద నారింజ రంగు పొడుచుకొచ్చింది. అది ఆకుల కింద చేరి నోటితో బుడగలు వదలడం మొదలెట్టింది. ఒక బుడగ, దాని పక్కన ఇంకోటి. ఆకుల వేళ్ళని పట్టుకుని బుడగలతో గూడు కట్టింది. ఆడది ఆ గూటి కిందికి వచ్చింది. మగది దాన్ని ఒళ్ళంతా వంచి చుట్టుకుంది. నేను మొహం తిప్పుకున్నాను, నిజంగా! వాళ్ళకి చాటు ఉంది, నేను తొంగి చూడటమేమిటి? తర్వాత చూస్తే బుడగల మధ్య గుడ్లు, నూకల్లా తెల్లగా. మగది ఆడదాన్ని దూరంగా తరిమేసి కాపలా కూచుంది. జారిన గుడ్డుని నోటితో పట్టి మళ్ళీ గూట్లో పెడుతోంది.

బావగారు తెరని చూసి మూతి ముడిచారు కానీ, ఏ కళనున్నారో ఊరుకున్నారు. ఊరుకున్నది ఆదివారం దాకానే.

ఆదివారం అత్తగారి తమ్ముడు భార్యతో సహా భోజనానికొచ్చారు. నేను వంటింట్లో ఉన్నాను. భోజనాలయ్యాక ఆ మావయ్యగారు తొట్టి దగ్గర చేరి వంగి చూసి, "ఇదేమిటోయ్! మీ ఇంట్లో చేపలు వేరు పడ్డాయే!" అన్నారు. ఆయన సరదాకే అన్నారు. హాలంతా నవ్వింది. బావగారు కూడా నవ్వారు, ఎర్రబడిన మొహంతో.

"ఛ, ఛ, అదంతా మా చిన్నకోడలి పిచ్చి. ఈ ఇంట్లో వేరనే మాటే లేదు, మీకు తెలీదూ?" అంటూ చొక్కా చెయ్యి పైకి లాక్కుని, తొట్టిలో చెయ్యి పెట్టి తెరని ఒక్క లాగు లాగేశారు.

నేను ప్లేట్లు పట్టుకుని వచ్చేసరికి తెర ఆయన చేతిలో నీళ్ళు కారుతోంది. ఆకులు తొట్టంతా పరుచుకుపోయాయి. గూడు లేదు, బుడగ కూడా మిగల్లేదు. గోల్డ్‌ఫిష్‌లు నాలుగూ మీద పడి గుడ్లు మింగేస్తున్నాయి. మగ గౌరామి తనకి మూడింతలున్న వాటి మీదికి ఉరికి ఢీకొడుతోంది. ఒకదాన్ని తరిమితే ఇంకోటి వెనకనుంచి వస్తోంది. ఆ చిన్న ప్రాణికి ఎంత పౌరుషమో! నేను ప్లేట్లు కింద పెట్టాను. విసిరేశానని అక్క ఇప్పటికీ అంటుంది. కిందే పెట్టాను, కాకపోతే కాస్త ఎత్తు నుంచి.

జగ్గు తీసుకుని, చీర కొంగు దోపుకుని, రెండు చేపల్నీ నీళ్ళతో సహా పట్టి పైకి తీశాను. వెనక్కి తిరిగితే అందరూ నన్నే చూస్తున్నారు.

"ఇప్పుడు తృప్తిగా ఉందా బావగారూ?" అన్నాను.

"అమ్మాయ్, చుట్టాలున్నారు," అన్నారాయన పళ్ళ మధ్యనుంచి.

"ఉండనివ్వండి. మావయ్యగారూ, మీరూ వినండి. ఈ ఇంట్లో వేరు పడింది చేపలు కాదు. వాటికి కాస్త చాటు కావాల్సి వచ్చింది, అంతే. నాకూ కావాలి. పెళ్ళయిన దగ్గర్నుంచి నడవలో పడుకుంటున్నాను. దాహం వేసినవాళ్ళంతా నన్ను దాటుకుని పోతారు. ఊరందరి కిటికీలకీ తెరలు కుట్టే దాన్ని, నాకొక తెర కట్టుకుంటానంటే మీ పరువు పోతుందన్నారు. ఇదిగో, ఇప్పుడు చెబుతున్నాను. కడతాను."

"మేము పడలేదా?" అత్తగారు లేచారు. "పోయిన మీ మావగారూ నేనూ వంటింట్లో పొయ్యి పక్కన పడుకుని ముగ్గురు పిల్లల్ని కన్నాం! నోరెత్తామా?"

"మీరు పడ్డారని నేనూ పడాలా అత్తయ్యా? మీరు పడిన కష్టం నాకెందుకు సారె పెడతారు?"

అత్తగారి కళ్ళలో ఏదో మెదిలింది. కోపమే అయి ఉంటుంది, నేను తరచి చూడలేదు. చుట్టాలావిడ తన సంచి వెతుక్కుంటోంది. అక్క మొదటిసారి నవ్వలేదు.

బావగారు తన ఆఖరి బ్రేకు తొక్కారు. "ఒరేయ్ చిన్నోడా, నీ పెళ్ళాం మాటలు వింటున్నావా?"

మా ఆయన గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. "వింటున్నాను అన్నయ్యా."

"మరి?"

"బాగా చెప్పింది," అన్నాడు.

ఆ రెండు ముక్కలకి నేను కట్టుకున్నది ఈయన్నేనా అని తిరిగి చూశాను. చెమటలు పట్టి ఉన్నాడు. అయినా కళ్ళు దించలేదు. ఆ క్షణంలో ఆ మనిషి మీద నాకు పుట్టిన ప్రేమ, చుట్టాలు లేకపోతే చూపించేదాన్ని.

సాయంత్రం చేపల కొట్టుకి ఇద్దరం కలిసి వెళ్ళాం. కొట్టామె గీతలు పడ్డ పాత తొట్టి ఒకటి వెనకనుంచి లాగి, "అమ్ముడుపోదు, పట్టుకుపో అక్కా," అంది. అప్పుడు తీరిగ్గా మొక్కలు ఎంచుకున్నాను. ఇప్పుడు గోల్డ్‌ఫిష్‌ల భయం లేదు, నీళ్ళ జల్లు లేదు. డక్‌వీడ్ వద్దన్నాను. ఒకసారి పడితే అది చక్రాన్నీ లెక్కచెయ్యదు, కొత్తిమీర చల్లినట్టు అన్నింట్లోకీ దూరుతుంది. అంతరతామర వెనక వరసకి తీసుకున్నాను, పొడుగు వేళ్ళున్నవి ఏరి. ఆడది మగదాని నుంచి తప్పించుకోవాలంటే ఆ జడల చాటే దానికి పుట్టిల్లు. సాల్వీనియా ఒక పక్కకే, గూడు కట్టుకునేంత. మధ్యలో చక్రం, దాని చుట్టూ లీలగా చేతివేళ్ళు కనిపించేంత నీడ. పడకగది నీడ అన్నమాట.

"ఇంత ఆలోచించి ఎవరూ కొనరు," అంది కొట్టామె.

"ఆలోచించకుండా రెండుసార్లు కొన్నాంగా," అన్నాడు మా ఆయన.

మర్నాడు పని మీదినుంచి వస్తూ ఆయన డ్రిల్లు తెచ్చాడు. స్టూలెక్కి హాలు గోడకి ఈ కొసా ఆ కొసా బెజ్జాలు వేస్తుంటే ఇల్లంతా గుయ్యిమంది. బావగారు గదిలోంచి రాలేదు. నేను మిషను మీద కూచున్నాను. ఒక పెద్దింటావిడ రంగు నచ్చలేదని వదిలేసిన ముదురు నీలం గుడ్డ తాను నా దగ్గర పడి ఉంది. దళసరిది, లోపల అస్తరు వేసి, కింద బరువు పెట్టి, కడ్డీ నుంచి నేల దాకా కుట్టాను. నా చేత్తో ఇన్నేళ్ళలో అంత నిటారుగా నిలిచిన కుట్టు ఇంకోటి లేదు. హాలు రెండయింది. బాల్కనీ వైపు ముక్క మాది. మా పరుపు, ఆ పక్కనే గీతల తొట్టి, అందులో నా జత. పెద్ద తొట్టీ, గోల్డ్‌ఫిష్‌లూ, టీవీ వాళ్ళ వైపు. ఎవరి సొత్తు వాళ్ళకి.

అప్పుడొచ్చారు బావగారు. కడ్డీ వంకా గుడ్డ వంకా మార్చి మార్చి చూశారు.

"ఈ తెర తీసెయ్యమ్మాయ్."

"తెర కాదు బావగారూ, గోడ," అన్నాను. "ఇటుకలు కుట్టడం నాకు రాక గుడ్డతో కట్టాను."

"రేపు చుట్టాలొస్తే ఏం చెప్పాలి?"

"ఇద్దరన్నదమ్ముల ఇల్లని చెప్పండి. ఒకే పొయ్యి, రెండు కాపురాలు. అందులో సిగ్గేముంది? వంటకి నేను వస్తాను, గిన్నెలకి వస్తాను, అత్తయ్యకి కాలు నొప్పంటే నూనె రాస్తాను. కానీ ఈ గుడ్డ మీద చెయ్యి వేస్తే మాత్రం ఊరుకోను. నిన్న తొట్టిలోది లాగారు, నేను జగ్గు పట్టుకున్నాను. ఇది లాగితే బట్టల పెట్టె పట్టుకుంటాను."

మా ఆయన స్టూలు మీదినుంచి దిగి, డ్రిల్లు చేత్తోనే నా పక్కన నిలబడ్డాడు. అనాల్సింది నిన్ననే అనేశాడు. బావగారు కాసేపు మా ఇద్దరినీ చూసి, గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. ఆయనకి తలుపుంది మరి.

తర్వాత వారమంతా ఇంట్లో మాటల్లేవు. అత్తగారు పళ్ళేలు గట్టిగా పెట్టారు. అక్క ఫోనులో గుసగుసలాడింది. తాటాకు చప్పుళ్ళకి బెదిరే రోజులు నాకు పోయాయి. లోపల తెర చాటున మా ఆయనా నేనూ మొదటిసారి తనివితీరా పోట్లాడుకున్నాం, ఫ్యాను ఎంత మీద ఉండాలనే దాని గురించి. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

ఆ ఆదివారం మధ్యాహ్నం నేను పరుపు మీద వెల్లకిలా పడుకుని ఉన్నాను. పగటిపూట, జుట్టు విరబోసుకుని, అందరూ ఇంట్లో ఉండగా! తొట్టిలో మగది ఆకుల కింద మళ్ళీ బుడగలు పేర్చుతోంది. బయట అడుగులు వినిపించాయి. బావగారివే. బాల్కనీలో ఆరేసిన చొక్కా కావాల్సి వచ్చినట్టుంది. పరదా దాకా వచ్చి ఆగాయి. ఎప్పుడూ ఆగని అడుగులు. గుడ్డ కింద ఆయన కాళ్ళ నీడ పడింది. చిన్నగా దగ్గారు.

"అమ్మాయ్," అన్నారు బావగారు. కాస్త ఆగి, "లోపలికి రావచ్చా?"

పెళ్ళయి ఈ ఇంట్లో అడుగు పెట్టిన దగ్గర్నుంచి ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు. నాకు ఏడుపు రాదని చెప్పాను కదా, అబద్ధం. నేను ఏ పనిలోనూ లేను, లేవడానికి క్షణం పట్టదు, చొక్కా చెయ్యి చాపితే అందే దూరంలోనే ఉంది.

"ఇప్పుడు కాదు బావగారూ," అన్నాను. అటు తిరిగి పడుకున్నాను.